నాలుగు అడ్డుదిమ్మలు

ఈ సాయంత్రం కారులోంచి కూరగాయల సంచి దింపుతుంటే ఒక నిమ్మకాయ జారి గరాజ్ నేల మీద దొర్లింది. అన్వి తన సైకిల్‌ను సరిగ్గా దాని మీదుగా పోనిచ్చింది. చితికిన నిమ్మకాయ పులుపు, టైరు రబ్బరు వేడి కలిసిన వాసన ఒక్కసారిగా ముక్కుకు తగిలింది. నేను సంచి కింద పెట్టేసి గోడకు ఆనుకుని నిలబడిపోయాను. "అమ్మా, లెమనే కదా. ఏం అవ్వలేదు," అంది నా ఆరేళ్ళ కూతురు నా ముఖం చూసి. నిజమే, ఏమీ కాలేదు. ఇప్పుడు అది నిద్రపోయింది. నేను వంటింటి బల్ల దగ్గర కూర్చుని పద్మక్క గురించి రాస్తున్నాను. ఆమె గురించి ఎవరైనా అడిగితే మంచి చెప్పాలో చెడు చెప్పాలో తెలియక ఇన్నాళ్ళూ మాట మార్చేశాను. ఇక్కడ మార్చను.

మేం ఈ దేశంలో నోవై అనే ఊరికి వచ్చిన మొదటి చలికాలంలో మా ఆయన శ్రీకాంత్‌కు ఆఫీసు, నాకు ఎనిమిది నెలల పాప. వరంగల్‌లో ఇంజినీరింగ్ చదివి, రెండేళ్ళు ఉద్యోగం చేసి, భర్త వీసా మీద వచ్చినందువల్ల ఇక్కడ పని చేసే అనుమతి లేక, కిటికీలోంచి మంచు చూస్తూ కూర్చునేదాన్ని. ఒకరోజు పాపకు టీకా వేయించాలని కారు తీస్తే పార్కింగ్‌లోనే చక్రం మంచులో దిగబడి గిర్రున తిరగసాగింది. వెనక పాప ఏడుస్తోంది. నేను కంగారులో ఇంకా గట్టిగా తొక్కుతున్నాను. ఎవరో అద్దం మీద తట్టారు. నలభై దాటిన మనిషి, మగవాళ్ళ కోటు, చేతిలో పార. ఆంటీ అనబోయాను. "అక్కా అను. ఆంటీ అన్నావంటే మంచు నువ్వే తవ్వుకోవాలి," అంది. పార మాత్రం వెంటనే ఎత్తలేదు. "కాలెక్కడుంది? గేర్ ఎందులో ఉంది? పైకి చెప్పు. చెప్పి చెయ్యి." ఒక్కో పనీ చెప్పి చేశాను. నా గొంతు నాకు వినబడుతుంటే కంగారు తగ్గింది. ఆ తర్వాతే ఆమె నాలుగు పారల మంచు తీసింది. కారు బయటికొచ్చింది.

ఆమెది విజయవాడ. కార్ల కంపెనీలో బ్రేకులు పరీక్షించే విభాగంలో ఇరవై ఏళ్ళుగా పనిచేస్తోంది. అక్కడ ఒక పద్ధతి ఉందట. చేసేవాళ్ళు ఏం చేస్తున్నారో పైకి చెప్పాలి. పక్కవాళ్ళు ఆ మాట తిరిగి పలకాలి. పలికితేనే ఆ పని జరిగినట్టు. పద్మక్క ఆ పద్ధతిని ఇంటికి కూడా తెచ్చుకుంది. పప్పులో ఉప్పు వేస్తే "ఉప్పు వేశా" అనేది. హాల్లో టీవీ చూస్తున్న ఆమె భర్త మోహన్ బావగారు తల తిప్పకుండానే "ఉప్పు పడింది" అనేవారు. మొదట్లో నవ్వుకున్నాను. కానీ నాలాంటి మనిషికి అది పెద్ద ఆసరా. పొయ్యి కట్టానా, తలుపు వేశానా, పాప పాలు వేడిగా ఉన్నాయా అని రోజంతా భయపడుతూ బతికేదాన్ని. చెప్పి చేసిన పని గురించి మళ్ళీ భయపడక్కర్లేదని నాకు నేర్పింది పద్మక్కే. ఇక్కడి హైవే మీద కారు నడపడం, డాక్టర్ దగ్గర తడబడకుండా మాట్లాడడం, నాకు తెలియదని ఒప్పుకోవడం కూడా ఆమె దగ్గరే నేర్చుకున్నాను.

వాళ్ళకొక పాత ట్రైలర్ ఉండేది. రెండు చక్రాల మీద ఒక గది ఇల్లు. పడక, పొయ్యి, బాత్రూం అన్నీ అందులోనే. దాన్ని పికప్ ట్రక్కు వెనక తగిలించుకుని వేసవిలో ఉత్తరాన సరస్సుల దగ్గరికి వెళ్ళేవాళ్ళు. రెండు వేసవులు మమ్మల్నీ తీసుకెళ్ళారు. శ్రీకాంత్, అన్వి, నేను పక్కనే టెంట్ వేసుకునేవాళ్ళం. ట్రక్కు నడిపేది పద్మక్క. క్యాంప్‌గ్రౌండ్‌లో మాకు ఇచ్చిన చోటులోకి ఆమె ట్రైలర్‌ను వెనక్కి పోనిస్తుంటే చుట్టుపక్కల మగవాళ్ళు వచ్చి బావగారికి సలహాలు చెప్పేవాళ్ళు. ఆయన టీ కప్పుతో ట్రక్కు వైపు చూపించి, "బాస్ అక్కడున్నారు, నేను వంటవాణ్ణి," అనేవారు.

వెనక నిలబడి దారి చూపే పని నాది. "అద్దంలో నాకు నీ మొహం కనబడలేదంటే నువ్వక్కడ లేనట్టే. వెంటనే ఆపేస్తా," అని ముందే చెప్పింది. ట్రైలర్ ఆగాక చేయాల్సిన పనులు వరుసగా ఉంటాయి. ముందు కుడి ఎడమల ఎత్తు సమం చేయాలి. తర్వాత చక్రాలకు అడ్డుదిమ్మలు పెట్టాలి. పసుపు రంగు రబ్బరు దిమ్మలు, ఒక్కో చక్రానికి ముందొకటి, వెనకొకటి, మొత్తం నాలుగు. అప్పుడే ట్రక్కు నుంచి విప్పాలి. విప్పాక ముందున్న జాకీ తిప్పి ముందువెనకలు సమం చేయాలి. కరెంటు, నీళ్ళు అన్నిటికంటే చివర. దిమ్మలు పెట్టడం నా పని. నేను "నాలుగు పెట్టాను" అనాలి, ఆమె "నాలుగు" అని తిరిగి అనాలి. అలా అన్నప్పుడల్లా నాకు ఎంత గర్వంగా ఉండేదో చెప్తే మీకు నవ్వొస్తుంది. ఈ దేశంలో నా మాట మీద ఆధారపడి ఒక పెద్ద బరువు కదలకుండా నిలబడుతోంది అనుకునేదాన్ని.

మూడో వేసవికి వాళ్ళు కొత్త ట్రైలర్ కొన్నారు. షోరూం నుంచి నేరుగా క్యాంప్‌గ్రౌండ్‌కే తెచ్చారు. మాకు దొరికిన చోటు దారి వైపుకు కొంచెం వాలుగా ఉంది. నేను దిమ్మలు పెట్టి చెప్పాను. పద్మక్క తిరిగి పలికింది. ట్రక్కు విప్పి పక్కకు తీశారు. శ్రీకాంత్ కట్టెలు కొనడానికి క్యాంప్ ఆఫీసుకు నడిచి వెళ్ళాడు. అప్పుడు గుర్తొచ్చింది బావగారికి, కొత్త బండికి పూజే చేయలేదని. పద్మక్క వెళ్ళేరోజు చేద్దాం అంది. "మా అమ్మ రాత్రికే ఫోటో పంపమంటుందే. నిమ్మకాయలు లేకుండా రోడ్డెక్కించారని ఆర్నెల్లు సాధిస్తుంది," అన్నారాయన. వంటకు తెచ్చిన నిమ్మకాయల్లోంచి రెండు తీశారు. ట్రైలర్ ముందు కొబ్బరికాయ, పసుపు, కుంకుమ, కర్పూరం సిద్ధం చేశారు. అన్వి తన చిన్న మడత కుర్చీ లాక్కొచ్చుకుని అక్కడే కూర్చుంది. కాసేపటికి బాత్రూం అంటే దాన్ని తీసుకుని నేను వెళ్ళాను.

మేం తిరిగొచ్చేసరికి హారతి అయిపోయింది. అన్వి చేతిలో కొబ్బరి ముక్క పెట్టారు. అది మళ్ళీ తన కుర్చీలో కూర్చుంది. చక్రాల కింద ఆకుపచ్చగా నిమ్మకాయలు కనిపించాయి. అంతకు మించి నేను చూడలేదు. చూడాల్సిన అవసరం ఉందని కూడా తోచలేదు, నాలుగు అని ఇద్దరం అనుకున్నాం కదా. పద్మక్క ముందుకొచ్చి జాకీ తిప్పసాగింది. నాలుగైదు తిప్పులు తిరిగిందో లేదో జాకీ పాదం కింద చెక్క జారింది. ట్రైలర్ ముందుకు కదిలింది. ఎక్కువ దూరం కాదు, మూడు అడుగులు. పద్మక్క పక్కకు దూకింది. ఇనుప కొస అన్వి కుర్చీని తోసేసింది. జాకీ మట్టిలో దిగబడి ఆగింది. నిమ్మకాయలు చితికిన వాసన వచ్చింది. అన్వి కుర్చీ కింద ఉంది. చెయ్యి ఉండకూడని విధంగా వంగి ఉంది.

అందరికంటే ముందు దాన్ని ఎత్తుకున్నది పద్మక్కే. అది కూడా రాయాలి. ఆస్పత్రికి ఆమే నడిపింది, ఒక్క తప్పు మలుపు లేకుండా. మణికట్టు విరిగింది. నర్సు వచ్చి, చిన్నపిల్లలకు దెబ్బ తగిలితే ఇక్కడ అడిగే ప్రశ్నలన్నీ అడగడం మొదలుపెట్టింది. నాకు ఇంగ్లిష్ రాక కాదు, కళ్ళు అన్వి చేతి మీంచి కదల్లేదు. పద్మక్క జవాబు చెప్పింది. చక్రాలకు అడ్డు పెట్టడం వాళ్ళమ్మ మర్చిపోయింది, పాపం, సరిగ్గా నిద్ర ఉండదు, అని. నర్సు నా భుజం తట్టి రాసుకుంది. అప్పుడే లోపలికొచ్చిన శ్రీకాంత్ ఆ మాట విన్నాడు. బావగారు గోడ మీది చేపల బొమ్మలు చూస్తున్నారు.

నడవాలో పద్మక్క చెయ్యి పట్టుకుని, "నేను పెట్టానక్కా, నాలుగూ పెట్టాను," అన్నాను.

"పెట్టాననుకున్నావు. వెనక రెండే ఉన్నాయి, ముందు లేవు. నువ్వు చెప్పావు కదా అని నేను చూళ్ళేదు. అది నా తప్పు," అని నన్ను దగ్గరికి తీసుకుంది.

తన తప్పు తాను ఒప్పుకుంటున్న మనిషిని ఎలా అనుమానించాలి? నమ్మేశాను. ఆ రాత్రి నుంచి ఆ నాలుగు దిమ్మలనూ మనసులో మళ్ళీ మళ్ళీ పెట్టి చూసుకున్నాను. నెల తిరిగేసరికి నా జ్ఞాపకంలోంచి ముందు రెండూ మాయమైపోయాయి. నేను పెట్టలేదని నాకే స్పష్టంగా కనబడసాగింది. శ్రీకాంత్ నన్ను ఒక్క మాట అనలేదు. నేను పొయ్యి కట్టి వచ్చాక నెమ్మదిగా వెళ్ళి చూసొచ్చేవాడు. పాప స్నానానికి నీళ్ళు పడితే, తనూ చెయ్యి పెట్టి చూసేవాడు. ఆ శీతాకాలంలో నాకు వర్క్ పర్మిట్ వచ్చింది. మూడేళ్ళు ఎదురుచూసిన కాగితం. ఒక్క ఉద్యోగానికి కూడా అప్లై చేయలేదు. కన్నబిడ్డ దగ్గర రెండు దిమ్మలు మర్చిపోయినదాన్ని, ఇల్లూ ఆఫీసూ రెండూ ఎలా మోస్తాను అనుకున్నాను. పద్మక్క మాత్రం వారం వారం వచ్చేది, అన్వికి బొమ్మలు తెచ్చేది. నేను ఏ పనైనా పైకి చెప్పి చేస్తే జాలిగా తలూపేది. ఆ జాలికి కూడా కృతజ్ఞురాలినై ఉన్నాను.

ఏడాది తర్వాత వాళ్ళు ట్రైలర్ అమ్మకానికి పెట్టారు. శ్రీకాంత్ కొలీగ్ ఒకతను అడిగితే బావగారు ఫోటోల ఆల్బం లింక్ పంపారు. అన్వి ఫోటోలేమైనా ఉంటాయేమోనని నేను తెరిచాను. పడక, పొయ్యి, కిటికీలు, పైకప్పు. వాటి మధ్య తీసేయడం మర్చిపోయిన పూజ ఫోటో ఒకటి. పద్మక్క చక్రం ముందు గొంతుక్కూర్చుని కుడిచేత్తో టైరుకు కుంకుమ పెడుతోంది. చక్రం కింద నిమ్మకాయ. ఎడమచేతిలో పసుపు రంగు దిమ్మ. ఇంకొకటి ఆమె పాదం పక్కన గడ్డిలో పడి ఉంది. నేను పెట్టనివాటిని ఆమె తీయడం ఎలా కుదురుతుంది?

ఫోన్ తీసుకుని వాళ్ళింటికి వెళ్ళాను. ఆమె వంటింట్లో చిక్కుడుకాయలు వలుస్తోంది. ఫోటో చూసింది, వేళ్ళతో పెద్దది చేసి మరీ చూసింది. తిరిగి నా చేతిలో పెట్టింది.

"నిమ్మకాయ పెట్టడానికి అడ్డొచ్చాయి. హారతి అవ్వగానే మళ్ళీ పెడదామనుకున్నా. మర్చిపోయా."

"చెప్పి చెయ్యమన్నావు కదక్కా."

"పూజ మధ్యలో ఏం చెప్తాం?"

"మరి ఆస్పత్రిలో?"

ఆమె ఇంకో చిక్కుడుకాయ తీసి వలిచింది. తర్వాత చిక్కుడుకాయల వైపు చూస్తూ అంది. "చిన్నపిల్ల తల్లి మర్చిపోతే ఎవరూ ఏమీ అనుకోరే హరితా. బ్రేకులు చూసేదాన్ని నేను మర్చిపోయానంటే? మా ఆఫీసులో సగం మంది మనవాళ్ళే. ఇరవై ఏళ్ళ పేరు. నీకు ఒక్కరోజు మాట, అంతే అనుకున్నా."

ఆ ఒక్కరోజు ఏడాది నడిచిందని, ఆ ఏడాదిలో నా జ్ఞాపకాన్ని కూడా నేను మార్చేసుకున్నానని చెప్పాలనుకున్నాను. చెప్పలేదు. ఒక్కటే అడిగాను. శ్రీకాంత్‌కు నువ్వే చెప్పు, నీ నోటితో. ఆమె తలెత్తింది. "ఫోటో ఉందిగా, చూపించు. పిల్ల చెయ్యి బాగానే ఉందిగా ఇప్పుడు," అంది. బావగారు హాల్లో టీవీ గొంతు పెంచారు. నేను చెప్పులు వేసుకుని వచ్చేశాను. తర్వాత ఆమెను కలవలేదు. ఇండియన్ స్టోర్‌లో ఒకసారి దూరం నుంచి కనబడింది. ఇద్దరం చెరో వరుసలోకి తిరిగాం.

ఆ రాత్రే శ్రీకాంత్‌కు ఫోటో చూపించాను. చాలాసేపు చూశాడు. ముందు ఆమె మీద కోపగించాడు, తర్వాత నా చేతులు పట్టుకుని సారీ అన్నాడు, కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. ఏడాదిగా నాకు కావలసింది అదే అనుకున్నాను. మర్నాడు పొద్దున స్కూలుకు బయల్దేరాం. అన్వికి సీటు బెల్టు పెట్టి నేను ముందు సీట్లో కూర్చున్నాను. అతను అలవాటు కొద్దీ వెనక తలుపు తీసి బెల్టు లాగి చూడబోయాడు. సగంలో చెయ్యి ఆపేసి, నా వైపు చూసి, తలుపు వేసి వచ్చి కూర్చున్నాడు. కారు కదిలింది. నా మీద నమ్మకంతో వెనక్కి తీసుకున్న చెయ్యి అది. నేను సంతోషించాలి. రెండు వీధులు దాటేసరికి కారు ఆపమన్నాను. దిగి, వెనక తలుపు తీసి, బెల్టు గట్టిగా లాగాను. సరిగ్గానే ఉంది. అన్వి నా ముఖంలోకి చూసింది.

మరుసటి వారం నుంచి అతను మళ్ళీ లాగి చూడడం మొదలుపెట్టాడు. నేనే చూడమని అడిగాను.