తాళం వేసిన ఇళ్ల స్కోరు సున్నా

కరోనాకు ముందు ఏడాది, పత్తి తీతలు ముగిసి మిరప కోతలు మొదలయ్యే నెలలో, ఉప గణాంక అధికారిగా ఉన్న నన్ను మూడు నెలల డిప్యుటేషన్ మీద ఆదోనికి పంపారు. ఇచ్చిన గది పత్తి మార్కెట్ వెనక. ఫ్యాను వేస్తే కిటికీలోంచి పింజలు ఎగిరొచ్చి, సాయంత్రానికి నేను బాగా కూరిన దిండులా తయారయ్యేవాణ్ని. నా మాటల్లో సగం కొట్టేసి మిగతాది నమ్మడం మా ఆవిడ అలవాటు. దిండు సంగతి మీరూ కొట్టేయవచ్చు. కింది లెక్కల సంగతి మాత్రం ఉన్నదున్నట్టే. అందులో తప్పు నాదే, సొంత తప్పును పెంచి చెప్పుకునేంత పిచ్చి నాకు లేదు.

పంట కోతల పనికి ఇల్లు తాళం వేసి, పిల్లాజెల్లాతో దూరపు జిల్లాలకు పోవడాన్ని మా వైపు సుగ్గికి పోవడం అంటారు. తల్లిదండ్రుల వెంట పిల్లలూ పోతారు, బడి మానేస్తారు. అలా కాకుండా వాళ్లను ఊళ్లోనే ఉంచి చదివించడానికి సీజనల్ హాస్టళ్లు పెడతారు. హొళగుంద, ఆస్పరి వైపు పది ఊళ్లు అడిగాయి. మంజూరైనవి మూడు. ఏ మూడు ఊళ్లు ఎక్కువ పేదవో తేల్చి, జాబితా మా డిప్యూటీ డైరెక్టర్ మేడమ్ చేతికి ఇవ్వడం నా పని.

ఇంటింటికీ పద్దెనిమిది ప్రశ్నలు. పైకప్పు ఏమిటి, బీరువా ఉందా, మోటారు సైకిలు ఉందా, ఇలాంటివి. పద్దెనిమిది జవాబులను ఒక్క అంకెగా మార్చడానికి మేం వాడేది ప్రధానాంశ విశ్లేషణ. పేరు చూసి భయపడకండి. ఆదోని బస్టాండు దగ్గర నలుగురు ఎక్కాల్సిన ఆటోలో పద్నాలుగు మంది ఎక్కుతారు. ఎవరి బరువు వారిదే అయినా, అందరూ కలిసి ఆటోను ఒక పక్కకు ఒరిగిస్తారు. ఆ ఒరుగుదల ఎటో కనిపెట్టడమే ఈ లెక్క. ఒరగడంలో ఒక్కో ప్రశ్న వాటా ఎంతో చెప్పే అంకెను లోడింగ్ అంటారు. వాటా లేని ప్రశ్నను ఆటోలోంచి దింపేస్తాం.

సెల్‌ఫోన్ ఉందా అన్న ప్రశ్న మొదటే దిగిపోయింది. అందరికీ ఉన్నదాంతో ఎవరు పేదో తేలదు. మగ్గం ఉందా అన్నది దింపాల్సి వచ్చినప్పుడు మాత్రం కాస్త చివుక్కుమంది. మాది ఎమ్మిగనూరు, మా నాన్న మగ్గం మీదే నన్ను చదివించాడు. కానీ ఈ పది ఊళ్లలో మగ్గాలు వేళ్ల మీద లెక్కపెట్టేటన్ని, లోడింగ్ దాదాపు శూన్యం. నీళ్ల డ్రమ్ముల ప్రశ్న ఇంకా చిత్రం. డ్రమ్ములు ఎక్కువుంటే కలిగిన ఇల్లనుకున్నాం. లోడింగ్ ముందు మైనస్ గుర్తు వచ్చింది, అంటే డ్రమ్ములు ఆటోను పేదరికం వైపు ఒరిగించాయి. కొళాయి ఉన్నవాడికి డ్రమ్ములెందుకు? కొళాయి లేని ఇంటి ముందే అవి వరసగా నిలబడతాయి. ఆ ప్రశ్నను ఉంచాం. చివరికి పదకొండు ప్రశ్నలు మిగిలాయి.

తర్వాతి మెట్టు స్కోర్లు భద్రపరచడం. సాఫ్ట్‌వేర్‌లో ఒక గడిలో టిక్కు పెడితే ప్రతి ఇంటి వరస చివరా ఫ్యాక్టర్ స్కోరు, అంటే పైన చెప్పిన ఆ ఒక్క అంకె, చేరుతుంది. అన్ని ఇళ్ల సగటు సున్నా. మైనస్‌లోకి పోయేకొద్దీ పేదరికం. టిక్కు పెట్టేముందు సాఫ్ట్‌వేర్ ఒక మాట అడుగుతుంది: జవాబులు లేని ఇళ్లను వదిలేయాలా, లేక ఖాళీల్లో సగటు నింపాలా? ప్రతి ఇంటికీ స్కోరు ఉండాలని పైనుంచి ఆదేశం. సగటు నింపమన్నాను. టీ చల్లారకముందే పని అయిపోయింది. ఊళ్ల సగటులు తీసి వరసలో పేర్చాను. ఇళ్ల వరసలు కిందికి జరిపి చూడలేదు.

జాబితా పంపేముందు క్షేత్ర తనిఖీ తప్పనిసరి. నేను ఎంచుకున్నది కంపలదిన్నె. హాస్టల్ కోసం అందరికంటే ముందు అర్జీ పెట్టిన ఊరు, నా లెక్కలో ఆరోది. ఆ ఊళ్లో సర్వే చేసిన బసప్పనే వెంట తీసుకెళ్లాను. నా కాగితంలో వరసగా తొమ్మిది ఇళ్లకు స్కోరు సున్నా, దశాంశం తర్వాత ఐదు సున్నాలు. వీధిలోకి పోయి చూస్తే తొమ్మిదింటికీ తాళాలు, గడపలకు అడ్డంగా ముళ్లకంప.

ఈ ఇళ్ల జవాబులేవని బసప్పను అడిగాను.

"తాళం ఏసిన ఇంటిని ఏమడగల్ల సార్? పేజీకి అడ్డంగా సుగ్గి అని రాసిచ్చినా. మీ ఆఫీసులో తెలుగు సదివేటోళ్లు లేరా?"

కర్నూలులో డేటా ఎక్కించే చోట గడులు అంకెలు తప్ప తీసుకోవు. సుగ్గి అంకె కాదు. ఖాళీగా వదిలేశారు. ఆ ఖాళీని నేను సగటుతో నింపాను. అంటే ఊళ్లో ఉండి బతకలేక పోయినవాళ్లను మధ్యతరగతిలో చేర్చాను. ఎంతమంది పోతే ఊరు అంత మెరుగ్గా కనిపించింది. అసలు సుగ్గికి పోయేవాళ్ల కోసం తలపెట్టిన సర్వేను సుగ్గి కాలంలోనే చేశాం. ఆ తెలివి మాదే.

పక్కింటి అరుగు మీద కూర్చుని అంతా వింటున్న ఉరుకుందమ్మ కూలి మనిషి, ముగ్గురు పిల్లల తల్లి. పెద్ద కూతురికి పదో తరగతని ఈసారి మొగుణ్ని ఒక్కణ్నే సుగ్గికి పంపి తాను ఆగిపోయిందట.

"హాస్టలు రాలేదా సార్ మాకు?" అంది.

లెక్కలో మీ ఊరు కొంచెం పైన ఉందని నసిగాను.

"పైనుండాదా? మీ కంప్యూటరు తాళం సూసి, లోపల దుడ్డు దాసినారనుకున్యాదేమో. వచ్చే ఏడు నేనూ పోకుంటే గడవదప్పా. హాస్టలు లేకుంటే సిన్నోళ్లిద్దరినీ బడి మానిపిచ్చి ఎంట తోలకపోవల్ల."

ఇళ్లవాళ్లు లేకుండా మళ్లీ సర్వే ఎలా చేయాలని నాలో నేను అనుకున్నది కాస్త గట్టిగానే అన్నట్టున్నాను. ఆమె లోపలికి పోయి ఒక తాళాల గుత్తి తెచ్చింది. తొమ్మిది తాళంచెవులు, ఒకదానికి ఎర్ర గుడ్డపీలిక, ఒకదానికి చొక్కా గుండీ, ఒకదానికి గాజుముక్క.

"ఈదికొకరం ఉంటాం సార్, తాళాలు పెట్టుకునేకి. అన్ని ఊర్లలోనూ ఇంతే. అడిగింటే సూపిచ్చేదాన్ని గదా, అడగందే ఎట్ల సెప్పేది?"

బసప్ప నా వైపు చూసి, "మీది ఎమ్మిగనూరే గద సార్, ఇది తెల్దా?" అన్నాడు. తెలియదని ఒప్పుకోవడం నా వృత్తిజీవితంలో కష్టమైన పనుల్లో ఒకటి.

మర్నాడు మేడమ్ ముందు నిలబడ్డాను. జాబితా సోమవారం కలెక్టరేట్‌కు పోవాలి. అది గురువారం. దారిలో రెండు అబద్ధాలు సిద్ధం చేసుకున్నాను, ఒకటి కంప్యూటర్ వైరస్ మీద, ఒకటి కరెంటు మీద. రెండూ మంచివే. కానీ ఏది చెప్పినా కంపలదిన్నె ఆరో స్థానంలోనే ఉండిపోతుంది. జరిగింది చెప్పాను. ఆమె కేకలు వేయలేదు. మొత్తం పది ఊళ్లలో ఇలాంటి సున్నాలు ఎన్ని అని మాత్రం అడిగారు. నేను లెక్కపెట్టలేదు. ఆ ప్రశ్నకు పడ్డంత సిగ్గు తప్పుకు కూడా పడలేదు. సోమవారం మధ్యాహ్నం దాకా గడువిచ్చారు.

పది ఊళ్లలోనూ తాళాలు ఉంచుకునేవాళ్లను వెతికాం. ఇంటివాళ్లకు ఫోన్ చేసి, ఒప్పుకున్నాకే తలుపు తీశాం. మొదటే దింపేసిన ఆ సెల్‌ఫోన్ ఇప్పుడు మా పని నడిపించింది. మిరప చేలల్లోంచి జవాబులు వచ్చాయి. ఒకాయన తన ఇంట్లో బీరువా ఉందన్నాడు. తీరా చూస్తే అది తలుపులేని చెక్క అల్మారా. ఇంకొకాయన తాళం తీశాం కదా, పనిలో పనిగా ఎలుకలు చేరాయేమో చూసి చెప్పమన్నాడు. చూసి చెప్పాం. ఎలుకలు పిల్లి సైజులో ఉన్నాయని చెప్పింది నేను. బసప్ప ఫోన్ లాక్కుని సరిదిద్దాడు.

లెక్క మళ్లీ నడిపేటప్పుడు ఒక ప్రశ్న కొత్తగా చేర్చాను: సర్వే రోజున ఇల్లు తాళం వేసి ఉందా? పన్నెండు ప్రశ్నల్లో పెద్ద లోడింగ్ దానిదే, మైనస్ గుర్తుతో. అంతకుముందు ఏమీ చెప్పదనుకుని పూడ్చేసిన ఖాళీ, అన్నిటికంటే ఎక్కువ చెప్పింది. కంపలదిన్నె ఆరు నుంచి రెండుకు వచ్చింది. సోమవారం జాబితా పోయింది. తర్వాతి సుగ్గికి హాస్టల్ తెరిచారు. ఉరుకుందమ్మ పిల్లల్ని అందులో చేర్చి, గుత్తి మరో ఇంట్లో అప్పజెప్పి, మొగుడితో పాటు మిరప కోతలకు పోయిందని బసప్ప ఫోన్ చేసి చెప్పాడు.

స్కోర్లు రెండోసారి భద్రపరిస్తే మొదటివి చెరిగిపోవు, పక్కన కొత్త కాలమ్ చేరుతుంది. పాతదాన్ని తీసేయడం పద్ధతి. నేను తీయలేదు. యాభై రెండో ఏట స్వచ్ఛంద విరమణ తీసుకునేదాకా, కొత్తగా చేరినవాళ్లకు ఆ రెండు కాలమ్‌లూ పక్కపక్కన పెట్టి చూపించేవాణ్ని. స్కోరు భద్రపరిచేముందు ఖాళీలు లెక్కపెట్టాలి. తర్వాత ఆ ఇళ్ల సర్వే కాగితాలు తెప్పించుకుని, ఖాళీ చోట ఎవరైనా ఏమైనా రాశారేమో చదవాలి.