రేపల్లెలో పడిపోయిన ప్రొఫెషనల్

రాత్రిళ్లు టీవీలో విదేశీ ఫుట్‌బాల్ లీగులు చూడటం నాకున్న ఒకే ఒక్క వ్యసనం. ఆట కంటే మనుషుల్నే ఎక్కువ చూస్తాను. గాలి తగిలినా పడిపోయి పొర్లాడే ఆటగాళ్లు, వాళ్లమీద ఈలలేసి సీసాలు విసిరే జనం. డబ్బు తీసుకుని ఆడితే ఎక్కడైనా అంతేనని మా ఆయన తీర్పు చెప్పేశారు. నాకు ఒళ్లు మండింది. ఈ 2006 వరల్డ్ కప్ అయ్యాక ఆ వాదన మరీ ముదిరింది. రేపల్లెలో టోర్నమెంటు జరుగుతోందనీ, జట్టుకొక ప్రొఫెషనల్‌ని బయటినుంచి తెచ్చుకుంటున్నారనీ తెనాలిలో ఉండే మా చిన్నమ్మ ఫోన్లో చెప్పగానే, సరే, ఆ సంగతేంటో చూసొద్దామని బయల్దేరాను.

తెనాలి నుంచి రేపల్లెకి నేరుగా ప్యాసింజరు రైలుంది, గంట ప్రయాణం. నేను మాత్రం సముద్రం మీద ఆశకొద్దీ ఆదివారం పొద్దున్నే చిన్నమ్మ పెట్టిన ఇడ్లీలు తిని బాపట్ల రైలెక్కాను. స్టేషన్ బయట ఆటో కోటేశ్వరరావు దొరికాడు. సూర్యలంక చూపించి, చెరుకుపల్లి మీదుగా రేపల్లె తీసుకెళ్లి మళ్లీ తేవడానికి ఐదొందలన్నాడు. మ్యాచ్ బాపట్లకీ రేపల్లెకీ అని తెలిశాక వెయిటింగ్ చార్జీ వద్దన్నాడు. మనవాడు బాపట్ల జట్టు అభిమాని మరి. సూర్యలంకలో పీతల వేపుడుతో భోంచేసి, కోతలైన చేల మధ్య గతుకుల రోడ్డు మీద మూడింటికల్లా రేపల్లె చేరాం.

గ్రౌండ్ చుట్టూ తాడు కట్టారు. చర్చి నుంచి నేరుగా వచ్చిన తెల్లచీరల ఆడవాళ్లు ఒకవైపు, సైకిళ్ల మీద కుర్రకారు ఇంకోవైపు. నేను సీసాల కోసం వెతికాను. సోడాలు తప్ప ఏం లేవు. రేపల్లె తెచ్చుకున్న ప్రొఫెషనల్ పేరు శ్రీను. ఖరగ్‌పూర్ రైల్వే కాలనీలో పుట్టిన తెలుగువాడు, కలకత్తా క్లబ్బుల్లో ఆడతాడట. అతన్ని కాయడానికి బాపట్ల పెట్టిన డిఫెండరు రత్నం, పొన్నూరు రైసు మిల్లులో బస్తాలు మోస్తాడు.

మొదటి సగం ఇంకో ఐదు నిమిషాల్లో అయిపోతుందనగా రత్నం కాలు అడ్డం పెట్టాడు. శ్రీను కెవ్వున అరిచి, మూడు పల్టీలు కొట్టి, మడమ పట్టుకుని పడిపోయాడు. నాకు నవ్వొచ్చింది. టీవీలో ఇలాంటివి వంద చూశాను, కాలు తగల్లేదు. రెఫరీ పెనాల్టీ ఇచ్చాడు. టీవీలో అయితే ఇక్కడ తిట్లు మొదలవ్వాలి. కానీ జనం తాడు దాటుకుని లోపలికి పరిగెత్తారు, బాపట్ల వాళ్లతో సహా. ఒకావిడ కొంగు చింపి తడిపి కాలికి చుట్టింది. రత్నం మొహంలో నెత్తుటి చుక్క లేదు. పెనాల్టీ సంగతి ఎవరికీ పట్టలేదు, శ్రీను కాలి సంగతి తెలిసేదాకా ఆట వద్దని రెండూళ్లవాళ్లూ అక్కడే చతికిలపడ్డారు. ఎముకలకి కట్టు కట్టే ఆయన చెరుకుపల్లి దారిలో ఉన్నాడట. దగ్గర్లో ఉన్న ఆటో మాదే. శ్రీను వద్దంటూనే ఉన్నాడు, ఎత్తి నా పక్కన పడేశారు. రత్నం ఎక్కి అతని కాలు తన ఒళ్లో పెట్టుకున్నాడు.

పిల్లికి చెలగాటం, ఎలుకకు ప్రాణసంకటం అంటే ఏంటో ఆ దారిలో చూశాను. గతుకు వచ్చినప్పుడల్లా రత్నం ఆ కాలు రెండు చేతులా పైకెత్తి పట్టుకుంటున్నాడు. మెల్లగా తన అన్నయ్య సంగతి చెప్పాడు. మిల్లులోనే బస్తా మీదపడి కాలు విరిగిందట, ఎముక వంకరగా అతికిందట, అప్పట్నుంచీ మంచం దిగలేదట. ఇకమీద తను బూటు తొడగనన్నాడు. శ్రీను తేలు కుట్టిన దొంగలా కూర్చున్నాడు. నేను చెప్పేద్దామా అనుకున్నాను. కానీ అది నేను చెప్పాల్సిన మాట కాదు.

ఇంకాస్త దూరం పోయాక "ఆటో ఆపన్నా" అన్నాడు శ్రీను. దిగి రెండు కాళ్ల మీదా నిలబడ్డాడు. "నాకేం కాలేదు. నీ కాలు నాకు తగల్లేదు. కావాలనే పడ్డాను. మా దగ్గర అందరూ పడతారు, ఎవరూ నమ్మరు."

కోటేశ్వరరావుకి అరికాలి మంట నెత్తికెక్కింది, నడిచి రమ్మన్నాడు. రత్నం చెంప పగలగొడతాడనుకున్నాను. రత్నం మోకాళ్ల మీద కూర్చుని ఆ మడమ అటూ ఇటూ నొక్కి చూశాడు. ఎగరమన్నాడు. శ్రీను ఎగిరాడు. మళ్లీ ఎగరమన్నాడు. అప్పుడు రత్నం రోడ్డు మీదే కూలబడి ఏడ్చేశాడు. "విరగలేదు కదా. దేవుడికి స్తోత్రం."

వెనక్కొచ్చాక శ్రీను రెఫరీకి నిజం చెప్పాడు, పెనాల్టీ పోయింది. జనం అప్పుడు తిట్టారు చూడండి, కొంగు చింపినావిడే అందరికంటే ఎక్కువ తిట్టింది. ఆట నడిచింది గానీ రత్నానికి కాలు ముందుకి రావడం లేదు. శ్రీను దగ్గరికొస్తే చాలు, పక్కకి తప్పుకుంటున్నాడు. చివర్లో శ్రీను బంతితో ఒంటరిగా అతని ఎదుటికి వచ్చాడు. పక్కనించి పోతే గోల్ ఖాయం. పోలేదు. తాడు దగ్గరున్న మాకు కూడా వినిపించేలా అన్నాడు, "రా అన్నా, కొట్టు. పడను."

రత్నం కాలు వేశాడు. బంతి ఎగిరిపోయింది. ఈసారి దెబ్బ నిజంగానే తగిలింది, శ్రీను తూలాడు, ఒంటికాలి మీద నాలుగు గెంతులు గెంతాడు, పడలేదు. గోల్ లేకుండానే ఆట ముగిసింది. ఇద్దరూ ఒకరి భుజం మీద ఒకరు చెయ్యేసుకుని బయటికొచ్చారు.

డబ్బు తీసుకుని ఆడితే ఎక్కడైనా అంతేనన్న మా ఆయనకి ఏం చెప్పాలో ఇంకా తేల్చుకోలేదు. పడటం ఎక్కడైనా అంతేనేమో. కానీ నమ్మేవాళ్ల మధ్య పడితే లేవడం అంత తేలిక కాదని మాత్రం చూశాను. మీరూ వెళ్తానంటే ఒక్క మాట. రేపల్లెలో ఆట ఎప్పుడు ఆగుతుందో ఎవరికీ తెలీదు కాబట్టి తిరుగు రైలుని నమ్ముకోవద్దు. బాపట్ల నుంచే ఆటో మాట్లాడుకుని ఆట అయ్యేదాకా ఉంచుకోండి, మీకు కాకపోయినా ఇంకెవరికైనా అవసరం పడొచ్చు.