గడ్డ తీసిన మచ్చ

మా చెల్లి గుండెలో రంధ్రాన్ని ఆరేళ్లప్పుడు హైదరాబాద్‌లో మూశారు. ఇంటికి పంపేటప్పుడు డాక్టరు, ఏడాదికోసారి గుండె స్కాన్ చేయించాలని మా అమ్మకు మరీ మరీ చెప్పాడు. అమ్మ చెవికెక్కింది మాత్రం 'మూశాం' అన్న ఒక్క మాటే. అయినా మిర్యాలగూడ నుంచి సూర్యాపేటకు బస్సులో తీసుకెళ్లేది. గుండె డాక్టరు అక్కడికి నెలకోసారి వచ్చేవాడు.

చెల్లికి సంబంధాలు చూడటం మొదలుపెట్టగానే అదీ మానేసింది.

"గాడ అందరు మనోళ్లే కనవడతరు. గుండె జబ్బు పిల్ల అని పేరు పడితే ఇగ ఖతం," అంది.

ఛాతీ మీద నిలువుగా ఉన్న మచ్చకు ఏదో ఒక కథ కావాలి కదా. గడ్డ తీశారని చెబుదామన్నది నేనే. ఆ తెలివికి నన్ను నేను ఇప్పటికీ తిట్టుకుంటాను.

కోదాడలో ఇచ్చాం. నాలుగేళ్లు ఏమీ కాలేదు, కనీసం మా దాకా రాలేదు. కడుపుతో ఉన్నాక ఫోన్‌లో మాట మధ్యలో ఆగి ఊపిరి తీసుకునేది.

"గ్యాసే అక్కా. అత్తమ్మ వాము నీళ్లిస్తది, జర తగ్గుతది."

గ్యాసే అయితే బాగుండునని నేనూ నమ్మాను. ఏడో నెలలో చూడటానికి వెళ్లి చెల్లి, వాళ్లత్త, నేను ముగ్గురం ఆసుపత్రికి పోతే, ఒక్క అంతస్తు ఎక్కడానికి చెల్లి మెట్ల మీద రెండుసార్లు కూర్చుంది. పెదవులు నేరేడుపండ్లు తిన్నట్టున్నాయి.

"ముందు ఆపరేషన్లేమైనా అయ్యాయా?" అని డాక్టరమ్మ అడిగింది.

చెల్లి తల వంచుకుంది. వాళ్లత్తే జవాబు చెప్పింది. "చిన్నప్పుడు గడ్డ తీశారండి. ఇంకేం లేదు."

మా అబద్ధం ఆమె నోట అచ్చం నిజంలా వినబడింది. డాక్టరమ్మ అదే రాసుకుంటోంది. చెప్పొద్దని చెల్లి బల్ల కింద నా చేయి గట్టిగా నొక్కింది. చెప్పేశాను.

డాక్టరమ్మ రాయడం ఆపింది. చివరి స్కాన్ ఎప్పుడని అడిగింది. ఏడాదికోసారి చేయించమన్నారు గానీ ఆరేళ్లు దాటిందన్నాను. చెల్లి వేలికి క్లిప్పు పెట్టి అంకె చూసింది, మాకు మాత్రం చెప్పలేదు. ఇంటికి పోవద్దని, నేరుగా హైదరాబాద్ తీసుకెళ్లమని అంబులెన్స్ పిలిపించింది.

వాళ్లత్త నా మీద విరుచుకుపడుతుందనుకున్నాను. ఆమె కోడలి వీపు నిమురుతూ, నా వైపు చూడకుండానే అంది.

"పెళ్లికి ముందు చెప్తే మేం ఒప్పుకునేవాళ్లం కాదులేమ్మా. తర్వాతైనా చెప్పాల్సింది. ఏడాదికోసారే కదా, నేనే తీసుకెళ్లేదాన్ని."