పడవెక్కని పిల్ల

ఆవిడ పేరు నేనడగలేదు. విశాఖ ఆసుపత్రి నుంచి నరసన్నపేట వచ్చే బస్సులో నా పక్కన కూర్చుంది. ఆమె ఒళ్లో కూతురు, నా ఒళ్లో మా పాప. ఇద్దరి తలల మీదా ఒకేలాంటి కుట్లు. వాళ్ల పిల్లకి మెదడులో గడ్డ మొత్తం తీసేశారట. మా పాపకి సగమే తీయగలిగారు, ఆలస్యమైందన్నారు. ఆ పిల్ల కులాసాగా బఠాణీలు నములుతుంటే చూడలేకపోయాను.

"మీకెలా తెలిసింది?" అని మాత్రం అడిగాను.

"మాది భావనపాడమ్మా, సేపలమ్ముకుంటాను. పడవ దిగినోలు నేల మీద తూల్తారు కదా, ఇదీ అలగే తూలింది. ఇదెప్పుడు పడవెక్కినాదని? మర్నాడే డాక్టరుకి సూపించేసినాను," అంది.

నేను టీచర్ని. మా పాపా అలాగే తూలేది. తిన్నగా నడవమని కసిరాను. చెప్పులు వదులయ్యాయేమోనని కొత్త జత కొన్నాను. అలా ఆరు నెలలు గడిపేశాను. చేపలమ్ముకునే మనిషికి తెలిసింది నాకెందుకు తెలియలేదు?

ఆమె మా పాప చెంప నిమిరి, "మీకెప్పుడు తెలిసినాదమ్మా?" అంది.

పాప కాళ్లకున్న కొత్త చెప్పుల మీదికి కొంగు లాగాను.

"మాకూ మర్నాడే," అన్నాను.