తెరమీద పడిన నీళ్లు

ఈరోజు మా నాయనను అనంతపురంలో కొత్త సినిమాకు తీసుకెళ్లాను. హీరో ఒంటిచేత్తో జీపులు గిరాటేస్తుంటే గార్లదిన్నె రైతు మా నాయన ఆవలిస్తూ కూర్చున్నాడు. చివర్లో హీరో కోపంతో నేలను తన్నాడు. నెర్రెలిచ్చిన నేలలోంచి నీళ్లు తాటిచెట్టంత ఎత్తుకు ఎగిశాయి. అంతే, నాయన చెప్పులు విడిచి, లేచి దండం పెట్టాడు. బోరులో నీళ్లు పడినప్పుడు మా ఊళ్లో అందరూ చేసే పనే అది. చుట్టూ చూస్తే సగం హాలు అలాగే నిలబడి ఉంది!

"తంతే యాడన్నా నీళ్లు పడతాయా నాయనా?" అన్నాను.

"పడవని నాకు తెల్దా? ఎండిన మన బోరును నేనూ తన్నినాలే, కాలు వాచింది. వాడన్నా నీళ్లు తెప్పించినాడు కదప్పా!" అన్నాడు.

మీ ఊరి హాల్లో జనం ఏ సీనుకు లేస్తారో చెప్పండి. మా అనంతపురంలో మాత్రం నీళ్లకు లేచి నిలబడతాం.