కాలు నిలిపిన కొత్త నాళాలు

2003 జూన్‌లో కర్నూలులోని ఒక ఆసుపత్రికి పాథాలజీ అసోసియేట్ ప్రొఫెసర్‌గా బదిలీ అయ్యాను. రోగి ముఖం చూడని డాక్టర్లం మేము. మా దగ్గరికి వచ్చేది రోగి ఒంటి నుంచి కోసి సీసాలో వేసిన ముక్క మాత్రమే. ఆ సీసాను మోసుకొచ్చేది రోగి మనుషులే. రూతమ్మ అలాగే వచ్చింది, భర్త కాలి పుండు అంచు ముక్కతో. మూత సరిగా పడక, ముక్క చెడకుండా పోసే ఫార్మలిన్ వాసన కొంగంతా.

ఆమె భర్త యోహాను వేంపల్లె రైతు. కాలి రక్తనాళాల లోపల కొవ్వు పేరుకుని గట్టిపడి దారి మూసుకుపోయింది. ఆ పేరుకున్నదాన్ని ప్లాక్ అంటాం. మోకాలి కిందికి కాలే తీసేయాలన్నారు సర్జన్లు. అప్పుడే ఒక ప్రయోగానికి రోగులను తీసుకుంటున్నారు: కొత్త రక్తనాళాలను మొలిపించే మందును కాలి కండరంలోకి సూదితో ఎక్కిస్తారు. యోహాను ఎటూ తేల్చుకోలేకపోయాడు.

"సూది మంచిదేనా సారూ? కాలు లేకుంటే ఆయప్ప చేన్లోకి ఎట్ల పోతాడు?" అని అడిగింది రూతమ్మ.

ముక్కలో కొత్త నాళాలు కనిపిస్తే పుండు మానుతోందని రాయడం మాకు అలవాటు. ఇరవై ఏళ్లుగా విద్యార్థులకు అదే నూరిపోశాను. అవి ప్లాక్‌లో మొలిస్తే పలుచటి గోడలు చిట్లి లోపలే రక్తం కారవచ్చని వైద్య పత్రికల్లో వాదన నడుస్తోంది. అదీ చదివాను. అయినా "కొత్త నాళాలంటే మంచిదేనమ్మా" అనేశాను. నా మాట పట్టుకుని యోహాను ప్రయోగానికి ఒప్పుకుంటూ సంతకం పెట్టాడు.

సూది వేశాక పుండు మానింది. యోహాను ల్యాబు దాకా నడిచొచ్చి చూపించాడు. నాకు గర్వంగానే అనిపించింది.

ఐదు నెలలకు గుండెపోటుతో పోయాడు. ప్రయోగం నిబంధన ప్రకారం, రూతమ్మ ఒప్పుకున్నాక, శవపరీక్ష నేనే చేశాను. గుండె నాళాన్ని మూడు మిల్లీమీటర్లకో కోత చొప్పున అడ్డంగా కోశాను. ఒకచోట ప్లాక్ పగిలి ఉంది. మైక్రోస్కోపు కింద దాని నిండా సన్నటి కొత్త నాళాలు, చుట్టూ చిమ్మిన రక్తం.

కాలికి ఎక్కించిన మందు రక్తంలో కలిసి గుండె దాకా పోయి ఉండొచ్చు. కానీ సూది వేయించుకోనివాళ్ల ప్లాక్‌లోనూ ఇలాంటి నాళాలుంటాయి. ఒక్క గుండెను చూసి తప్పు మందుదే అనలేం, కాదనీ అనలేం. రిపోర్టులో అదే రాశాను.

రిపోర్టు కోసం వచ్చిన రూతమ్మ, కాలు నిలబెట్టిన సూదే ప్రాణం తీసిందా అని అడిగింది. తెలియదన్నాను.

"ఆ పొద్దు గూడా తెలీదని చెప్పింటే బాగుండు గదా సారూ" అంది. గొంతులో కోపం లేదు. అందుకే తట్టుకోలేకపోయాను.

ముక్కలో కనిపించింది చెప్పడం మా పని. కనిపించనిది అడిగినప్పుడు తెలియదనడమూ ఆ పనిలో భాగమే. యోహాను పోయాక గాని నాకది తెలిసిరాలేదు.