కొట్టానికి బదులు పని

పోయిన గురువారం పొద్దున మా ఎదురింటి పెద్దమ్మ పోయింది. డెయిరీలో పాలు పోసి వచ్చి, ఖాళీ క్యాను కడిగి బోర్లించి, అరుగు మీద కూర్చున్నది కూర్చున్నట్లే వాలిపోయింది. బైరకూరు నుంచి కూతురు వచ్చేదాకా నేనే పక్కన ఉన్నాను. చాలాసేపు నాకు నమ్మకం కుదరలేదు. తను లేకపోతే మేమంతా ఏం చేస్తామో చూద్దామని కళ్లు మూసుకుని ఉందేమో అనిపించింది. అట్లాంటి మనిషి ఆమె.

ఆమెకు దేని మీదా ఒక పట్టాన నమ్మకం ఉండేది కాదు. డెయిరీలో పాలు పరీక్షించే యంత్రం మీద అంకె వెలిగి ఆరేదాకా కదిలేది కాదు. చదువు రాదు, అయినా గుడ్లప్పగించి చూసేది. శ్రీనివాసపురం మామిడికాయలు తెచ్చినవాడు తియ్యగా ఉంటాయమ్మా అంటే, ఒకటి కోసి ముందు వాడినే తినమనేది. నేను కేజీఎఫ్‌లో బడిపంతులమ్మను, ఊళ్లో నాకో గౌరవం ఉంది. ఆమె దగ్గర అదేమీ చెల్లలేదు. చక్కెర అడగబోతే, "నిన్న తీసుకపోయింది అప్పుడే అయిపోయిందా పాపా?" అని నా ముఖంలోకి చూసి, ఆ తర్వాత గిన్నె నిండా పోసేది.

కొన్నేళ్ల కిందట వానలకు ఆమె ఆవుల కొట్టం కూలింది. ఆవులు రెండూ బయట తడిశాయి, పాలు తగ్గాయి. ఆ ఇంటికి ఆ పాలే ఆధారం. సరిగ్గా అప్పుడే విదేశం నుంచి చర్చి వాళ్ల గుంపు ఒకటి కేజీఎఫ్‌లో దిగింది. అందరికీ ఒకే రంగు టీషర్టులు. పొద్దున్నే వ్యానులో కామసముద్రం చుట్టుపక్కల ఊళ్లకు వస్తారు, బీదవాళ్ల ఇళ్లకు గోడలు కడతారు, పిల్లలతో పాటలు పాడిస్తారు, ఫొటోలు తీసుకుని పోతారు. తాపీ పట్టుకోవడం రాని కుర్రవాళ్లు గోడ కట్టడానికి సముద్రాలు దాటి రావడమేమిటని నాకూ లోపల అనుమానమే. కానీ ఇంగ్లీషు వచ్చిన పాపానికి మాటలు మార్చి చెప్పే పని నా నెత్తిన పడింది.

కొట్టం కట్టిస్తామని వాళ్లు పెద్దమ్మ వాకిట్లో నిలబడ్డారు.

"ఏంటికి? వాళ్ల ఊర్లో కొట్టాలు కూలవా?" అంది నాతో.

వాళ్ల పెద్ద, భారీ మనిషి, గుండె మీద చెయ్యి పెట్టుకుని, తమకేమీ వద్దనీ ప్రేమతో చేస్తామనీ అన్నాడు. అదే చెప్పాను.

"ఏమీ వద్దనేవాళ్లంటేనే నాకు భయం పాపా. ఏమన్నా కావల్లనేవాళ్లతో బేరమన్నా ఆడొచ్చు."

మతం మార్చడానికి వచ్చారని ఊళ్లో ఎవరో అన్నారు. ఆమె భయం అది కాదు. "దేవుని సంగతి దేవుడు చూసుకుంటాడు. మా నాయిన కత నీకు తెలీదు. పెద్దరైతు ఒగడు ఒక ఏడు మా చేను ఊరికే దున్నిచ్చినాడు. ఆ మొగమాటానికి మా నాయిన ఆయప్ప ఇంట్లో జీతానికి చేరినాడు, ముసిలోడయ్యేదాకా బయటికి రాలా. ఊరికే చేయించుకుంటే నేనూ అంతే."

మా పక్క పొలం పనుల్లో ముయ్యి అని ఒకటుంది. ఈ రోజు నువ్వు నా రాగి కోతకు వస్తే రేపు నేను నీ కోతకు వస్తాను. ఎవరూ ఎవరికీ లోకువ కారు. పెద్దమ్మకు తెలిసిన సాయం అదొక్కటే.

"వాళ్లింటికి నేను వస్తే ఏం పని చూపిస్తారో అడుగు" అంది.

అడిగాను. నవ్వారు. మా కోసం ప్రార్థిస్తే చాలు అన్నాడు పెద్ద.

"అది ఇంట్లో కూర్చొని గూడా చేస్తా. పని చెప్పమను."

నవ్వులు ఆగిపోయాయి. నాకు సిగ్గేసింది, కోపం కూడా వచ్చింది. ఆవులు తడుస్తుంటే ఈ పంతమేమిటని. అప్పుడు వెనక నుంచి ఒక అమ్మాయి, ఎండకు ముక్కు కమిలి ఎర్రబడినది, మెల్లగా చెప్పింది. వాళ్ల అవ్వ ఒంటరిగా ఉంటుందట, వారమంతా ఆమెతో మాట్లాడే మనిషే ఉండదట. పెద్దమ్మ వస్తే ఆమె పక్కన కాసేపు కూర్చోమంటానని.

పెద్దమ్మ ఆ పిల్లను చాలాసేపు చూసింది. "అంత దూరం రాలేను. ఫోన్లో కూర్చుంటా. కొట్టానికి ఎన్ని పూటలు పడితే అన్ని పూటలు" అంది. అప్పుడు గాని గుంజ పాతనివ్వలేదు.

మొదటి ఆదివారం సాయంత్రం నా ఫోన్లో ఆ అవ్వ కనిపించింది. తెల్లజుట్టు, చేతిలో కాఫీ కప్పు. పెద్దమ్మ కళ్లు చిన్నవి చేసింది.

"ఇది బొమ్మ గాదని ఏం నమ్మకం? ముక్కు ముట్టుకోమను."

చెప్పాను. ఆమె ముక్కు మీద వేలు పెట్టుకుంది. పెట్టుకుని, అంతే అనుమానంగా పెద్దమ్మ వైపు వేలు చూపించింది. పెద్దమ్మ తన ముక్కుపుడక ముట్టుకుంది. ఆ తర్వాత ప్రతి ఆదివారం అదే మొదలు. ఈమె అనపకాయలు ఒలుస్తూ తెలుగులో, ఆమె ఏదో అల్లుకుంటూ ఇంగ్లీషులో. రెండు వారాలకే నన్ను లేచి పొమ్మంది. "నువ్వు మధ్యలో ఏమేం కలుపుతావో ఎవురికి తెలుసు?"

కొట్టం పూటలు ఎప్పుడో తీరిపోయాయి. ఆ మాటే అంటే, "ఈ మధ్య ఆమె మొగం బాగలేదు. ఏదో దాస్తా ఉండాది. కనుక్కోవల్ల" అంది. అట్లా కనుక్కుంటూనే ఏళ్లు గడిపింది.

ఒకసారి ఆ గుంపువాళ్లు నెట్‌లో పెట్టుకున్న ఫొటోల్లో పెద్దమ్మను చూశాను. కింద బీద విధవరాలు అని రాశారు. మండిపోయి ఆమెకు చదివి వినిపించాను. ఆమె మాత్రం, "ఆ అవ్వ ఫొటో కింద ఏమని రాసినారు?" అంది. ఆమె ఫొటో లేదన్నాను. "మాట్లాడే దిక్కు లేనిది ఆమెకు. బీద అని నన్ను రాస్తే ఎట్ల?" అంది. నిజంగానే అడిగింది, వెటకారం లేదు. నేను బడిలో నేర్పలేనిది నాకు ఆమె ఆ అరుగు మీద నేర్పింది. ఆమె దగ్గర మెలిగినందుకు నాకు గర్వంగా ఉంది.

శుక్రవారం ఆ అమ్మాయికి విషయం రాశాను. అవ్వకు చెప్పానని, కానీ అవ్వ నమ్మడం లేదని జవాబు వచ్చింది.

ఆదివారం సాయంత్రం ఫోను మోగింది. అవ్వ ఒక్కతే. ఫోను పట్టుకుని ఎదురింటికి పోయి అరుగు చూపించాను. గోడ వారగా పెట్టిన దీపం చూపించాను. కొట్టం చూపించాను, లోపల ఆవులు రెండూ మేత నెమరేస్తున్నాయి. ఆమె కళ్లు చిన్నవి చేసి అన్నీ చూసింది.

చూసి, ముక్కు మీద వేలు పెట్టుకుంది. పెట్టుకుని, అట్లాగే ఎదురుచూస్తూ ఉంది.